వేలం ముందు సైనిక రైఫిల్ పరిశీలన: ఆధారాలు, అనుమానాలు, అభిప్రాయభేదాలు

రెండు ప్రపంచయుద్ధాల కాలంలో లక్షల సంఖ్యలో తయారై, సైన్యాలకు అవసరం తీరాక మిగులు సరుకుగా అమ్ముడుపోయిన రైఫిళ్లు నేడు అమెరికా, బ్రిటన్ వంటి దేశాలలో సేకరణ వస్తువులుగా వేలానికి వస్తున్నాయి. ఒకే నమూనాకు చెందిన రెండు రైఫిళ్లను పక్కపక్కన పెడితే సామాన్యుడికి తేడా కనిపించకపోయినా, వాటి ధరల మధ్య కొన్ని రెట్ల అంతరం ఉండడం ఈ విపణిలో అరుదు కాదు. ఏ భాగం ఎప్పుడు వచ్చి చేరింది, ఏ ముద్రను ఎవరు వేశారు, ఏ పూత ఆయుధశాలలో పట్టించినది, ఏది తరువాతి యజమాని పూసినది అనే ప్రశ్నలకు దొరికే జవాబులే ఆ అంతరాన్ని నిర్ణయిస్తాయి. వేలం సంస్థలు సాధారణంగా వస్తువును ఉన్నది ఉన్నట్టుగానే అమ్ముతాయి. కేటలాగులోని వర్ణన తమ అభిప్రాయమే తప్ప హామీ కాదని షరతులలో రాసుకుంటాయి. పాట ముగిసిన ధర మీద కొనుగోలుదారు రుసుము అదనంగా వసూలు చేస్తాయి. అందువల్ల వేలానికి ముందు సరుకును చేతితో పట్టి చూడడానికి ఇచ్చే ప్రదర్శన సమయమే పాటదారుకు మిగిలే ప్రధాన రక్షణ.

ఆ కొద్ది సమయంలో తేల్చుకోవలసిన ప్రశ్నలు మూడు ఉన్నాయి, వాటిని కలగాపులగం చేయడం వల్లనే ఎక్కువ నష్టాలు జరుగుతున్నాయి. రైఫిల్ అసలుదేనా అన్నది మొదటిది, ఎంత బాగా నిలిచి ఉంది అన్నది రెండవది, కాల్చడానికి సురక్షితమా అన్నది మూడవది. బాగా మెరుస్తున్న రైఫిల్ అసలుది కాకపోవచ్చు. అసలుదని నిర్ధారణ అయిన రైఫిల్ కాల్చడానికి పనికిరాకపోవచ్చు. చక్కగా గురి కుదిరే రైఫిల్‌కు సేకరణ విలువే లేకపోవచ్చు. అమెరికాలో వాడుకలో ఉన్న నేషనల్ రైఫిల్ అసోసియేషన్ స్థాయీ పట్టికలోని ఎక్సలెంట్, వెరీ గుడ్, గుడ్ వంటి పదాలు ప్రధానంగా రెండవ ప్రశ్నకు జవాబులు. వాటిని మొదటి ప్రశ్నకు జవాబుగా చదువుకునే పాటదారు కేటలాగులో లేని మాటను తానే చేర్చుకుంటున్నట్టు లెక్క. ఈ సమీక్ష ప్రధానంగా మొదటి ప్రశ్న చుట్టూ తిరుగుతుంది, ఎందుకంటే సైనిక రైఫిల్ ఒక చారిత్రక పత్రం, దాని మీది ముద్రలు, గీతలు, మరమ్మతు గుర్తులు ఆ పత్రంలోని వాక్యాలు, పరిశీలన అంటే ఆ వాక్యాలన్నీ ఒకే చరిత్రను చెబుతున్నాయో లేదో చూడడం.

సేకర్తలు అన్నిటికన్నా ఎక్కువగా పట్టించుకునేది నంబర్ల పొంతన. బ్యారెల్, బోల్టు, మ్యాగజైన్ వచ్చి కలిసే నడిమి ఉక్కు భాగాన్ని రిసీవర్ అంటారు. తూటాను గొట్టంలోకి నెట్టి, గడియ వేసినట్టు బిగించే కదిలే భాగం బోల్టు. జర్మన్ సైన్యం 1935లో స్వీకరించిన మౌజర్ కార్ 98కె రైఫిల్‌లో రిసీవర్ నంబరును బోల్టు, దాని రక్షణ మీట, మ్యాగజైన్ అడుగు పలక, చెక్కను పట్టి ఉంచే పట్టీలు వంటి అనేక భాగాల మీద పూర్తిగానో, చివరి అంకెలతోనో మళ్లీ వేసేవారు. ఈ నంబర్లన్నీ కలిస్తే ధర ఒక్కసారిగా పెరుగుతుంది. సరిగ్గా ఆ కారణంగానే వాటిని కలపడానికి దొంగచేతులు పనిచేస్తాయి. ఇక్కడ పరిశీలకుడికి ఉపయోగపడేది ఆ కర్మాగారాల అలవాట్ల గురించిన జ్ఞానం. యుద్ధం చివరి దశలో జర్మన్ కర్మాగారాలు పనిని తగ్గించుకుంటూ చిన్న భాగాలకు నంబరు వేయడం మానుకుంటూ వచ్చాయి కనుక, 1945 నాటి రైఫిల్‌లో చిన్న చిన్న భాగాలన్నిటి మీదా చక్కటి నంబర్లు కనిపిస్తే అది ఆనందించవలసిన సంగతి కాదు, అనుమానించవలసిన సంగతి. కర్మాగారం పేరుకు బదులు వేసిన సంకేతాక్షరాలను కూడా ఇదే విధంగా చదవాలి: బి.వై.ఎఫ్ అంటే ఓబెర్న్‌డోర్ఫ్‌లోని మౌజర్ కర్మాగారం, బి.సి.డి అంటే గుస్ట్‌లోఫ్, బి.ఎన్.జడ్ అంటే స్టైర్. ఒక్కొక్క కర్మాగారానికి దాని తనిఖీ అధికారుల గద్ద ముద్రలు వేరుగా ఉండేవి గనుక, రిసీవర్ మీది సంకేతానికీ చిన్న భాగాల మీది గద్ద ముద్రలకూ పొంతన చూడడం నంబరు చూడడమంత ముఖ్యం.

దొంగ నంబరును పట్టుకోవడానికి మంచి భూతద్దం, ఏటవాలుగా పడే వెలుతురు చాలు. ఉక్కు మీద అచ్చు దిగినప్పుడు అంకె అంచుల వెంట లోహం కొద్దిగా ఉబ్బుతుంది. దశాబ్దాల వాడకంలో ఆ ఉబ్బు అరిగి నునుపవుతుంది, గాడి అడుగున పాత నూనె, మురికి నల్లగా పేరుకుంటాయి. కొత్తగా వేసిన అంకె అంచు వేలికి గరుకుగా తగులుతుంది, గాడి అడుగు శుభ్రంగా మెరుస్తుంది లేదా రసాయనంతో ఒకే తీరుగా నల్లబడి ఉంటుంది. పాత నంబరును ఆకురాయితో రాసి తీసేసిన చోట ఉపరితలం చుట్టుపక్కల కన్నా కొద్దిగా పల్లంగా ఉంటుంది, దీపాన్ని అటూ ఇటూ కదిపితే ఆ పల్లంలో వెలుగు వంకర పోతుంది. అంకెల ఆకారం కూడా సాక్ష్యమే: ఒక కర్మాగారం వాడిన నాలుగు, ఏడు అంకెల రూపం రిసీవర్ మీద ఒక తీరుగా, బోల్టు మీద మరొక తీరుగా ఉంటే రెంటినీ ఒకే చోట ఒకే కాలంలో వేశారని నమ్మడం కష్టం.

అయితే నంబర్ల పొంతన లేకపోవడాన్నీ, తరువాత కలిపిన పొంతననూ ఎల్లప్పుడూ మోసంగా చూడరాదు. సోవియట్ సేనలు స్వాధీనం చేసుకున్న మౌజర్లను ఆయుధశాలల్లో విప్పి, శుభ్రం చేసి, దొరికిన భాగాలతో మళ్లీ బిగించి, విద్యుత్ కలంతో కొత్త నంబర్లు గీసి భద్రపరిచారు. సోవియట్ మోసిన్-నాగాంట్ రైఫిళ్లనూ యుద్ధానంతరం అదే తీరున పునరుద్ధరించి, పాత నంబరును కొట్టివేసో, అరగదీసో రిసీవర్ నంబరును మిగతా భాగాల మీద వేశారు. అందుకు గుర్తుగా పెట్టె మధ్య ఏటవాలు గీత ఉన్న ముద్ర వంటివి పడ్డాయి. ఇది బలవంతపు పొంతన. రైఫిల్ జీవితంలో ఇదొక వాస్తవ ఘట్టం, దాచవలసిన దోషం కాదు. కానీ దానిని తొలి తయారీ నాటి పొంతనగా కేటలాగులో వర్ణిస్తే అది తప్పు వర్ణన, ఆ వర్ణనను నమ్మి పాట పెంచితే నష్టం కొన్నవాడిదే.

తెలుగు పాఠకులకు ఈ రకాలన్నిటిలో చేరువైనది లీ-ఎన్‌ఫీల్డ్. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారం ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకం నుండి .303 కొలత లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లను తయారు చేసింది. పోలీసు ఠాణాల్లో దశాబ్దాల పాటు కనిపించిన త్రీనాట్‌త్రీ, కళాశాలల్లో ఎన్.సి.సి. కేడెట్లు కవాతులో భుజాన మోసిన రైఫిల్ ఈ కుటుంబానివే. ఈ రైఫిల్‌ను చదవడం బట్ సాకెట్ నుండి మొదలవుతుంది, అంటే చెక్క పిడి వచ్చి ఇమిడే ఉక్కు దొప్ప. దాని కుడి ప్రక్కన కిరీటం, పాలకుడి పొడి అక్షరాలు, కర్మాగారం పేరు, తయారైన సంవత్సరం, నమూనా పేరు వరుసగా ఉంటాయి. జి.ఆర్.ఐ అనే అక్షరాలు రాజుగానూ చక్రవర్తిగానూ జార్జిని సూచిస్తాయి. స్వాతంత్ర్యం తరువాతి ఇషాపూర్ సరుకు మీద కిరీటం స్థానంలో అశోకుని సింహాలు, కర్మాగారం పేరుకు ఆర్.ఎఫ్.ఐ అనే పొడి అక్షరాలు కనిపిస్తాయి. బోల్టు పిడి వెనుక, బ్యారెల్, ముందరి చెక్క, మూతి దగ్గరి ఉక్కు తొడుగు వంటి చోట్ల నంబరు కలిసిందా అన్నది తరువాతి మెట్టు. ముందరి చెక్క చీలిపోకుండా భారతదేశంలో అడ్డంగా బిగించిన మరను పాశ్చాత్య సేకర్తలు కొందరు లోపంగా లెక్కిస్తారు. నిజానికి అది ఉష్ణదేశపు వాతావరణంలో సేవ చేసిన రైఫిల్‌కు ఆయుధశాల ఇచ్చిన బలం, అది ఉండడమే భారతీయ సేవాచరిత్రకు సాక్ష్యం. గ్రెనేడ్లు విసరడానికి కేటాయించిన రైఫిళ్లకు చెక్క మీద రాగి తీగ చుట్టేవారు; అలాంటి రైఫిల్ ఎంత ఆసక్తికరమైనదో అంత ఒత్తిడిని భరించినది కూడా గనుక దానిని కాల్చే ఉద్దేశంతో కొనడం తెలివైన పని కాదు. డి.పి. అనే అక్షరాలు కవాతుకే పరిమితమని చెప్పే ముద్ర, కాల్పులకు పనికిరాదని ఆయుధశాల తేల్చిన రైఫిల్ మీద పడేది, ఎన్.సి.సి.లో డి.పి. రైఫిల్ పట్టినవారికి ఈ సంగతి కొత్త కాదు గానీ, వేలంలో ఆ అక్షరాలను అరగదీసి, పల్లానికి రంగు పూసి అమ్మజూపిన రైఫిల్‌ను గుర్తించాలంటే సాకెట్‌ను, బ్యారెల్‌ను, చెక్కను విడివిడిగా వెతకాలి.

ఈ కుటుంబం గురించే మరొక అపోహ బలంగా నాటుకుంది. ఇషాపూర్ 1960ల నుండి తయారు చేసిన 7.62 మిల్లీమీటర్ల 2ఎ, 2ఎ1 రైఫిళ్లు పాత .303 రైఫిళ్లకు గొట్టం మార్చి చేసినవని పలుచోట్ల రాశారు. అవి మరింత బలమైన ఉక్కుతో కొత్తగా తయారైనవి. వెనుక గురిచట్రం 2000 వరకు గుర్తులు కలిగి ఉంటే 2ఎ అనీ, 800 వరకే ఉంటే 2ఎ1 అనీ గుర్తించవచ్చు. పోలీసులు, జైలు కాపలాదారుల కోసం .303 రైఫిళ్లను నునుపు గొట్టపు .410 తుపాకులుగా మార్చిన సంగతి మాత్రం నిజం. మ్యాగజైన్‌లో చెక్క దిమ్మ బిగించి ఒక్కొక్క తూటానే పేల్చే విధంగా చేసిన ఆ తుపాకులలో కొన్నిటిని అమెరికా చేరాక వేట తుపాకి తూటాలకు సరిపడేలా గొట్టం లోపల కోసి మార్చారు, ఆ కోతతో వాటి సైనిక స్వరూపం పోయింది.

ధర ఎంత ఎక్కువైతే అనుమానం అంత పెరగాలన్న సూత్రానికి స్నైపర్ రైఫిల్ అత్యుత్తమ ఉదాహరణ. రెండవ ప్రపంచయుద్ధంలో లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ సంస్థ గురి బాగా కుదిరిన నంబర్ 4 లీ-ఎన్‌ఫీల్డ్‌లను ఎంచి, 20 వేలకు పైగా రైఫిళ్లకు నంబర్ 32 దూరదర్శిని అమర్చి నంబర్ 4 (టి)గా మార్చింది. మామూలు నంబర్ 4కు దీనికి ధరలో ఉన్న దూరం వల్ల నకిలీలు పుట్టాయి. అసలు మార్పిడిలో సాకెట్ ఎడమ ప్రక్కన టి.ఆర్., రిసీవర్ గోడ మీద టి, బట్ అడుగున ఆ సంస్థ సంకేతమైన ఎస్ 51, పిడి మెడ మీద దూరదర్శిని నంబరు, దూరదర్శినిని పట్టే బ్రాకెట్ మీద రైఫిల్ నంబరు ఉంటాయి. పీటర్ లెయిడ్లర్ ఈ రైఫిల్ మీద రాసిన ఆయుధశాల మరమ్మతుదారుని దృష్టికోణపు గ్రంథం ఈ అమరికను భాగం భాగంగా వివరిస్తుంది. అక్షరాలు ఎవరైనా వేయగలరు, కష్టమైనది అమరిక. రిసీవర్ ఎడమ వైపు బిగించిన రెండు ఉక్కు మెత్తల మరలు సరిచేసిన తీరు, వాటి చుట్టూ పూత అరిగిన తీరు, దూరదర్శినిని తీసి పెట్టగా పెట్టగా లోహం మీద పడిన నునుపు మచ్చలు, చెంప ఆనించే చెక్క అరుగుదల ఇవన్నీ ఒకే వయస్సును చెప్పాలి. కార్బైన్‌గా పిలిచే చిన్న నంబర్ 5 విషయంలో పరీక్ష మరింత సులువు: అసలు నంబర్ 5లో బరువు తగ్గించడానికి బ్యారెల్ మొదట్లోనూ రిసీవర్ మీదా లోహాన్ని చెక్కి తీశారు, పొడవైన రైఫిల్‌ను కోసి చేసిన నకిలీలో ఆ చెక్కుళ్లు ఉండవు.

అమెరికా ఎం1 గారండ్ మీద సేకర్తల మధ్య నడుస్తున్న వాదమే ఈ సమీక్షలో అతి కీలకమైనది. జాన్ సి. గారండ్ రూపొందించగా 1936లో స్వీకరించిన ఈ రైఫిల్ 50 లక్షలకు పైగా తయారైంది. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాల, విన్‌చెస్టర్ దీనిని యుద్ధకాలంలో చేశాయి. 1950లలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్, హారింగ్టన్ అండ్ రిచర్డ్‌సన్ చేరాయి. భాగాల మీద నంబరుకు బదులు నమూనా చిత్రపు సంఖ్య, తయారీదారుని గుర్తు ఉంటాయి. బ్యారెల్ మీద తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. చెక్క ఎడమ ప్రక్కన తనిఖీ అధికారి పొడి అక్షరాల ముద్ర ఉంటుంది, విన్‌చెస్టర్ రైఫిల్ మీది జి.హెచ్.డి. అంటే గై డ్రూరీ అన్నట్టు. స్కాట్ డఫ్ వంటివారి పరిశోధన వల్ల ఏ నంబరు వరుసలో ఏ భాగం ఏ రూపంలో ఉండేదో చాలావరకు తెలిసింది. ఈ జ్ఞానం ఒక కొత్త అలవాటును పుట్టించింది: సైన్యం మరమ్మతు చేసిన రైఫిల్‌ను విప్పి, దాని నంబరు కాలానికి తగిన భాగాలను మార్కెట్లో కొని బిగించి, ఆ రైఫిల్‌ను సక్రమమైనదిగా పిలవడం. సక్రమమైనదీ అసలుదీ ఒకటి కాదు. సైన్యం 1950లలో మార్చిన భాగాలను తీసివేసి 1943 నాటి భాగాలు పెట్టినప్పుడు పోయేది కొరియా యుద్ధకాలపు చరిత్ర. వచ్చేది ఎన్నడూ ఆ రైఫిల్ మీద లేని భాగాల కూర్పు. అమ్మేవాడు నిజాయితీగా చెప్పి అమ్మినా రెండు మూడు చేతులు మారాక ఆ మాట రాలిపోయి రైఫిల్ అసలుదిగా చలామణి అవుతుంది. ఈ అలవాటు సేకరణకు మేలు చేస్తుందన్న వాదం ఉంది, కానీ అది నిలబడదు: ఆయుధశాల మరమ్మతు ముద్రలున్న మిశ్రమ గారండ్ ఒక నిజమైన సాక్ష్యం, కూర్చిన గారండ్ ఒక అభిప్రాయం. గ్యాస్‌ను మూతి దగ్గర పట్టే తొలి అమరికతో వచ్చిన సుమారు 50 వేల రైఫిళ్లలో దాదాపు అన్నిటినీ సైన్యమే కొత్త పద్ధతికి మార్చింది గనుక, మారకుండా మిగిలిందని చెప్పే రైఫిల్ కూడా ఇటువంటి కూర్పే కావచ్చని పాటదారు భావించి మొదలుపెట్టాలి.

చెక్క దగ్గర ఆగి చూడడం లాభదాయకం. కర్మాగారం విడిచిన చెక్క లోహం అంచు కన్నా కొద్దిగా ఎత్తుగా నిలుస్తుంది. గరుకు కాగితంతో రుద్దిన చెక్క లోహంతో సమంగానో, దిగువగానో ఉంటుంది, ముద్రల అంచులు గుండ్రబడి అస్పష్టమవుతాయి. మెరిసే చెక్క, మసక ముద్ర కలిసి కనిపిస్తే ఆ చెక్కను ఎవరో సాన పట్టారు. జపాన్ అరిసాకా రైఫిల్ రిసీవర్ మీది చామంతి పువ్వు రాజముద్ర సంగతి కూడా ఇటువంటిదే: లొంగుబాటు తరువాత అప్పగించిన రైఫిళ్లలో చాలా వాటి మీద దానిని అరగదీశారు కనుక, చెక్కుచెదరని పువ్వు ధర పెంచుతుంది, మళ్లీ చెక్కిన పువ్వులూ అందుకే ఎదురవుతాయి.

గొట్టం లోపలి భాగాన్ని చిన్న దీపంతో రెండు వైపుల నుండీ చూడాలి. పాత సైనిక తూటాల ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలినప్పుడు మిగిలే లవణం గాలిలోని తేమను లాగి తుప్పు పుట్టిస్తుంది కనుక శుభ్రం చేయని గొట్టాలు లోపల గుంటలు పడి నల్లబడతాయి. మూతి అరిగిన మోసిన్-నాగాంట్‌లను సోవియట్ ఆయుధశాలలు మూతి లోపల కొంత లోతు వరకు గాడులు పోయేలా వెడల్పు చేసి సరిచేశాయి, బయటి నుండి చూసినవాడికి గొట్టం ఉన్నదానికన్నా అరిగినట్టు అనిపిస్తుంది. యుద్ధకాలపు నంబర్ 4లలో రెండే గాడులున్న గొట్టాలు సక్రమమైనవే. అయిదు గాడులు లేవని తిరస్కరించడం అజ్ఞానం. గొట్టంలో చీకటి ఉంగరంలా కనిపించే నీడ మాత్రం లోపల అడ్డుపడి ఉబ్బిన చోటుకు గుర్తు, ఆ రైఫిల్‌ను కాల్చడానికి కొనకూడదు.

భద్రత విషయంలో ప్రదర్శన హాలు తేల్చగలిగింది తక్కువ. హెడ్‌స్పేస్ అంటే మూసిన బోల్టు ముఖానికీ, తూటాను గొట్టంలో నిలిపే చోటుకూ మధ్య దూరం. అది ఎక్కువైతే తూటా తొడుగు పగిలి వేడి గ్యాసు వెనక్కి వస్తుంది. .303లో ఈ దూరం 0.064 నుండి 0.074 అంగుళాల మధ్య ఉండాలని సైన్యం నిర్దేశించింది. దానిని కొలతపరికరంతోనే తెలుసుకోవాలి, చాలా వేలం సంస్థలు అందుకు అనుమతించవు. కానీ నంబర్ 4 బోల్టు తలలు 0 నుండి 3 వరకు పొడవు పెరుగుతూ నంబర్లు కలిగి ఉంటాయి. 3 అని ఉంటే సర్దుబాటుకు మిగిలిన అవకాశం అయిపోయినట్టే. అమెరికా 1903 స్ప్రింగ్‌ఫీల్డ్ సంగతి అంతకన్నా గంభీరం. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 800,000 కన్నా తక్కువ నంబరు, రాక్ ఐలండ్ ఆయుధశాలలో 285,507 కన్నా తక్కువ నంబరు ఉన్న రిసీవర్లలో కొన్ని పగిలిన ఘటనలు జరిగాయి. ఉక్కు వేడిని కార్మికులు కంటితో అంచనా వేసేవారనీ, ఎండ ఉన్న రోజున, మబ్బు పట్టిన రోజున ఆ అంచనా మారేదనీ, అలా అతిగా కాలిన ఉక్కు పెళుసుబారిందనీ జూలియన్ హ్యాచర్ తన గ్రంథంలో వివరించాడు. అలాంటి రైఫిళ్లకు చారిత్రక విలువ ఉంది, కాల్చే విలువ లేదు. జపాన్ విద్యార్థుల శిక్షణకు ఖాళీ తూటాల కోసం చేసిన నునుపు గొట్టపు అరిసాకాలను అసలు యుద్ధ రైఫిళ్లుగా పొరబడి కాల్చినా ప్రమాదమే.

రైఫిల్‌తో వచ్చే కాగితాలను రైఫిల్‌తో సమానమైన అనుమానంతో చదవాలి. అమెరికా సైనికులు యూరప్ నుండి తెచ్చుకున్న ఆయుధాలకు పై అధికారి సంతకంతో అనుమతిపత్రాలు ఇచ్చేవారు. చాలా వాటిలో ఆయుధం రకమే ఉంటుంది, నంబరు ఉండదు. అటువంటి పత్రం ఏ రైఫిల్‌తోనైనా జతపడగలదు. ఇక్కడ దిగుమతి ముద్ర సహాయపడుతుంది: 1968 నాటి గన్ కంట్రోల్ చట్టం తరువాత దిగుమతిదారు పేరు రైఫిల్ మీద వేయవలసి వచ్చింది కనుక, ఆ ముద్ర ఉన్న రైఫిల్‌ను 1945లో ఒక సైనికుడు ఇంటికి తెచ్చాడన్న కథ చెల్లదు. ముద్ర లేకపోవడం మాత్రం ఆ కథను నిరూపించదు, 1968కి ముందు వచ్చిన మిగులు సరుకు మీదా ముద్రలు లేవు.

చట్టం పాటకు ముందే అడ్డుపడే సందర్భాలు అమెరికాలోని తెలుగువారికి ప్రత్యేకంగా తెలియాలి. 50 ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న తుపాకులను సేకరించడానికి అక్కడ ప్రత్యేక లైసెన్సు ఉంది; శాశ్వత నివాస హక్కు ఉన్నవారికి అవకాశం ఉంటుంది. హెచ్-1బి, విద్యార్థి వీసాల వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారికి మాత్రం, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకి కలిగి ఉండడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం మరమ్మతు చేసినా పనిచేయని పురాతన ఆయుధాలనే మినహాయిస్తుంది. 2019 సవరణ లైసెన్సు మీద ఉంచుకోదగ్గ తుపాకులను మూడు నుండి రెండుకు తగ్గించింది. అందువల్ల ఇక్కడ సైనిక రైఫిల్ సేకరణ దాదాపు మ్యూజియాలకే పరిమితం.

దూరం నుండి ఫోన్ మీదో, ఇంటర్నెట్ మీదో పాట పాడేవారికి చేతితో పట్టే అవకాశం ఉండదు. వారు వేలం సంస్థను సర్వసాధారణ ఫొటోలు కాక నిర్దిష్టమైన చోట్ల ఫొటోలు అడగాలి: నంబరు వేసిన ప్రతి భాగం దగ్గరగా, బోల్టు ముఖం, సాకెట్ రెండు వైపులా, చెక్క లోహం కలిసే అంచు, మూతి, గొట్టం లోపల వెలుగు పెట్టి తీసినది. సంస్థ అవి పంపలేకపోతే, మిశ్రమ భాగాల రైఫిల్‌కు పలికే ధరను మించకుండా, కొనుగోలుదారు రుసుమును కూడా ఆ ధరలోనే లెక్కించుకుని పాట ఆపాలి.